రెండో తూటా

"కళ్ళు పెద్దవి చేసుకుని చూడు, ట్రస్కాట్" అన్నాడు డిప్యూటీ షెరీఫ్ గాంట్.

అంటూనే పాత రైఫిల్‌ని నడుముకి ఆనించి, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనుప లీవర్‌ని కిందికి తోసి పైకి లాగాడు. తూటా ఒకటి పైనుంచి ఎగిరి బల్లమీద పడింది. మళ్ళీ తోశాడు, మళ్ళీ లాగాడు. ఇంకోటి. అలా తూటాలు పేర్చే గొట్టంలో ఉన్నవన్నీ కక్కించాడు. చివరిది దొర్లుకుంటూ వెళ్ళి ట్రస్కాట్ టోపీకి తగిలి ఆగింది.

"ఎక్కడైనా పట్టేసిందా? పోనీ, తడబడిందా? నీళ్ళలో చేపలా నడిచింది. మరి లోపల జైలు గదిలో కూర్చున్న ఆ గొర్రెలకాపరి ఏమంటున్నాడూ? 'నా తుపాకీ రెండో తూటా ఎత్తదు దొరా, ఒక్కోటీ చేత్తో పెట్టుకోవాల్సిందే' అంటున్నాడు. అబద్ధానికైనా అందం ఉండాలి."

ఎజ్రా ట్రస్కాట్ టోపీ పక్కకి జరిపి ఆ తూటాని చూశాడు. నెవాడా అంతటా పశువుల దొంగల్ని పట్టడమే అతని ఉద్యోగం. హత్యలు అతని పని కాదు. కానీ షెరీఫ్ ఆసుపత్రిలో పడి ఉండగా గాంట్ వచ్చే ఎన్నికల మీద ఒక కన్ను వేసుకుని కేసు నడిపించడం జడ్జికి నచ్చలేదు. అందుకే "రేపు విచారణకి ముందు నువ్వొకసారి చూసిరా" అని ట్రస్కాట్‌ని పంపాడు. ఆ మాట గాంట్‌కి గొంతులో ముల్లయింది.

కేసు చూడ్డానికి సూటిగానే ఉంది. పశువుల ఆసామి లెమ్యుయెల్ హాచ్ మొన్న మధ్యాహ్నం తన భూమిలోని ఊట దగ్గర నీళ్ళతొట్టి బాగుచేసుకుంటూ చచ్చిపోయాడు. వీపులో రెండు గుండ్లు, తొట్టి చెక్కలో మూడోది. దగ్గర్లో కంచె పనిలో ఉన్న హాచ్ ఫోర్‌మన్ కోల్‌గ్రోవ్ మోతలు విన్నాడు. ఊపిరి తీసి వదిలేలోపు మూడూ అయిపోయాయన్నాడు. బండరాయి పక్కన మూడు ఖాళీ తూటా గుల్లలు ఒకేచోట పడి ఉన్నాయి. కోల్‌గ్రోవే గాంట్‌ని వెంటబెట్టుకుని లోయ అవతల, స్పెయిన్ నుంచి వలసొచ్చిన బాస్క్ జాతి గొర్రెలకాపరి అన్సెల్మో ఉరియార్తె కాపురముండే గుడారపు బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. పరుపు కింద ఈ రైఫిల్ దొరికింది. తుపాకిమందు వాసన ఇంకా వదల్లేదు.

"కావాలంటే నువ్వూ ఆడించు" అని రైఫిల్ బల్లమీదికి తోశాడు గాంట్.

ట్రస్కాట్ తూటాలన్నీ ఏరుకుని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఇలాంటి రైఫిల్ ఒకటి ఇరవై ఏళ్ళు జీనుకి కట్టుకుని తిరిగినవాడు. దాని జబ్బులన్నీ ఇంట్లో మనిషి జబ్బుల్లా ఎరుగును.

ముందు తూటాల్ని పక్కపక్కన నిలబెట్టి పొడుగు చూశాడు. పొట్టిదైనా, మరీ పొడుగుదైనా దారిలో అడ్డంపడుతుంది. అన్నీ ఒకే ఎత్తున్నాయి. గొట్టంలోకి ఎక్కించి లీవర్‌ని మెల్లగా, పిరికివాడు లాగినట్టు సగం సగం లాగి చూశాడు. చేత్తో పూర్తిగా లాగనప్పుడు మంచి తుపాకీ కూడా ముక్కుతుంది. ఇది ముక్కలేదు. తలకిందులుగా పట్టి లాగాడు. అయినా ఎత్తింది. గొట్టం పొడుగునా బొటనవేలితో తడిమాడు. నొక్కు లేదు. చివర మూత విప్పితే స్ప్రింగు జానెడు పొడుగు బయటికి దూకింది. అంటే సత్తువ చావలేదు.

"ఇంకేం మిగిలింది? జోస్యం చెప్పించుకుంటావా?" అన్నాడు గాంట్.

"స్క్రూడ్రైవర్ మిగిలింది. ఇటివ్వు."

"సాక్ష్యాన్ని విప్పుతావా?"

"జడ్జి నన్ను చూడమన్నాడు. చూడ్డమంటే దూరం నుంచి చూసి దణ్ణం పెట్టుకోవడం కాదు."

గాంట్ సొరుగు లాగి స్క్రూడ్రైవర్ విసిరాడు. ట్రస్కాట్ లీవర్ ఊడదీసి, లోపలి నాలుకని బయటికి తీశాడు. గొట్టంలోంచి వచ్చిన తూటాని గుండుగది దాకా ఎత్తేది ఆ ఇనుప నాలుకే. అది ఎత్తుతూనే వెనక వచ్చే రెండో తూటాకి అడ్డుగా నిలబడాలి కూడా. ఏళ్ళ తరబడి లీవర్ కొక్కెం రాసుకుని రాసుకుని నాలుక అడుగు అరిగిపోతే, అది ఒక్క క్షణం ఆలస్యంగా లేస్తుంది. ఆ సందులోంచి రెండో తూటా దానికిందికి జారుకుంటుంది. ఇక లీవర్ ముందుకీ పోదు, వెనక్కీ రాదు. స్క్రూ విప్పితే తప్ప దాన్ని కదిలించడం దేవుడి తరం కూడా కాదు. అన్సెల్మో చెప్పిన జబ్బు ఇదే. ఆ జబ్బు పేరు తెలియకపోయినా లక్షణాలు పొల్లుపోకుండా చెప్పాడు.

ట్రస్కాట్ నాలుకని కిటికీ వెలుగులో తిప్పాడు. అడుగు నున్నగా, నిండుగా ఉంది. అరగలేదు. సరే, ఎవరైనా బాగుచేసి ఉంటారు. ఇత్తడి అతికి ఉంటారు, ఆకురాయి పట్టి ఉంటారు. దానికోసం వెతికాడు. అతుకు లేదు. గీత లేదు. ఆకురాయి మెరుపు లేదు. పాత నూనె గడ్డకట్టి ఇనుము మీద గోధుమరంగు తొక్కలా అంటుకుని ఉంది. ఏళ్ళుగా ఎవరి వేలూ తగలని నూనె అది.

"ఏమైంది? మొహం అలా పెట్టావు?"

"దీన్ని ఎవరూ బాగుచెయ్యలేదు."

"అదేగా నేను మొత్తుకుంటున్నది! పాడైతే కదా బాగుచెయ్యడానికి."

ట్రస్కాట్ రైఫిల్‌ని తిప్పి, భుజానికి ఆనించే మడమ కర్ర వైపు చూశాడు. కర్ర మెడ దగ్గర ఎప్పుడో విరిగింది. పచ్చితోలు తడిపి బిగించి చుట్టారు. ఆ తోలు చెమటకి నల్లబడింది. కర్రలోకి దిగిన ఇనుప తోక పక్కన సన్నటి సందు ఉంది. గోరు దూరింది. కర్రనీ ఇనుమునీ కలిపే స్క్రూ తల మీద మాత్రం కొత్త గీత తళతళలాడుతోంది. ఆ స్క్రూ విప్పి కర్ర ఊడదీశాడు. కర్ర గాడిలో ముదురు తుప్పు మరక ఉంది. ఇనుప తోకని మరక మీద పెట్టి చూశాడు. మరక ఒకచోట, తోక ఒకచోట.

రైఫిల్‌ని మళ్ళీ బిగించి లేచాడు.

"ఎక్కడికి?"

"నీ ఖైదీ దగ్గరికి."

*

అన్సెల్మో ఉరియార్తె జైలు గదిలో నేలమీదే కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. ఎండకి కాలిన మొహం, కుడి కన్ను వాచిపోయి మూసుకుపోయింది. గాంట్ మనుషులు పట్టుకున్నప్పుడు పడ్డ దెబ్బ.

"కుక్కకి ఎవరైనా తిండి పెట్టారా అయ్యా?" అన్నాడు ముందుగా.

"మీ గొర్రెల మేస్త్రీ వచ్చి మందనీ కుక్కనీ తోలుకెళ్ళాడు. ఇది చూడు. నీదేనా?"

"ఖైదీ చేతికి తుపాకీ ఇస్తావా? మతి పోయిందా నీకు?" అని గాంట్ ముందుకొచ్చాడు.

"ఖాళీదే. భయమైతే నా వెనక నిలబడు."

అన్సెల్మో కమ్మీల మధ్యనుంచి మడమ పట్టుకున్నాడు. తోలుచుట్టు మీద బొటనవేలు పెట్టి, "నాదే. ఈ తోలు నేనే చుట్టాను. చచ్చిన పొట్టేలుది" అన్నాడు. తర్వాత లీవర్ ఒక్కసారి ఆడించాడు. చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ ఆడించాడు.

"కాదు" అన్నాడు.

"ఒకసారి నాదంటావు, ఒకసారి కాదంటావు. జడ్జి ముందు కూడా ఇలాగే పాడతావా?" అన్నాడు గాంట్.

"కర్ర నాదయ్యా. ఇనుము నాది కాదు. నాదాన్ని కదిలించాలంటే మోకాలికి ఆనించి తొయ్యాలి. ఇది పెళ్ళికూతురిలా నడుస్తోంది."

"నీది నీకు ఎక్కడిది?" అన్నాడు ట్రస్కాట్.

"హాచ్ దొరే ఇచ్చారు. ఈ వసంతంలో మా మందని ఊటలో నీళ్ళు తాగనిచ్చినప్పుడు. 'నా దగ్గర జత ఉంది, రెండోది నాకు అక్కర్లేదు, నక్కల్ని బెదిరించుకో' అన్నారు. అప్పటికే అది పట్టేసేది. దానమిచ్చిన గుర్రానికి పళ్ళు లెక్కపెడతామా? ఒక్కో తూటా చేత్తో పెట్టుకుని కాల్చేవాణ్ణి. ఈమధ్య విసుగొచ్చి బండిలోనే పడేసి మందతో వెళ్తున్నాను."

"హాచ్‌ని చంపావా?"

అన్సెల్మో మంచి కన్నుతో సూటిగా చూశాడు. "ఈ దేశం వచ్చిన రెండేళ్ళలో నాకు నీళ్ళిచ్చిన ఒకే ఒక్క మనిషి అయ్యా ఆయన. ఆయన్ని చంపితే నా గొర్రెలు ఏం తాగుతాయి?"

బయట నడవాలోకి వచ్చాక గాంట్ గోడకి చేరబడి నవ్వాడు. "భలే నాటకం."

"హాచ్ రైఫిల్ ఎక్కడుంది?" అన్నాడు ట్రస్కాట్.

"ఆయన గుర్రం జీను ఒరలోనే ఉంది. శవంతో పాటు ఇంటికి పంపాను. నేనేం పసివాణ్ణి కాదు, మూతి దగ్గర వాసన చూశాను. అది పేలలేదు."

"ఇదే రకమా?"

గాంట్ నవ్వు కాస్త సన్నబడింది. "ఇదే రకం. అయితే?"

"అయితే ముందు కాపరి బండి చూడాలి. నువ్వు ఇక్కడే ఉండు. దాణా కొట్టు ముందు మనుషులు గుమిగూడుతున్నారు, చూశావా? వాళ్ళు వచ్చింది దాణా కోసం కాదు."

"నిన్ను ఒంటరిగా నా సాక్ష్యాల మీదికి వదలడానికా? నేనూ వస్తాను. ఇక్కడ విట్లో ఉన్నాడు."

విట్లో జైలు కాపలాదారు. డెబ్బై దాటిన ముసలాయన. తాళంచెవుల గుత్తి ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తున్నాడు.

*

గాంట్ కారులో వెళ్ళేసరికి కాపరి బండి సేజ్ పొదల మధ్య ఒంటరిగా ఉంది. పొయ్యి చల్లారింది. గాంట్ మనుషులు పరుపుని కత్తితో చీల్చి ఉన్ని బయటపడేశారు. ట్రస్కాట్ లోపల ఎక్కువసేపు వెతకలేదు. దిగి, మెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రాత్రుళ్ళు మెట్టు మీద కూర్చుని నక్కల్ని కాల్చేవాడు గుల్లల్ని ఎక్కడ పారేస్తాడు? కాళ్ళ దగ్గరే. మట్టిలో తొక్కుకుపోయిన ఖాళీ గుల్లలు చాకుతో తవ్వితే దొరుకుతూనే ఉన్నాయి. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని ఇంకా పసుపుగానే ఉన్నాయి.

"నీ దగ్గరున్న మూడూ తియ్యి" అన్నాడు.

గాంట్ చొక్కా జేబులోంచి రుమాలు మూట తీసి విప్పాడు. ఊట దగ్గర దొరికినవి అవి. ట్రస్కాట్ వాటినీ, మట్టిలోంచి తీసినవాటినీ మెట్టు చెక్క మీద బోర్లించాడు.

"గుల్ల అడుగున తుపాకీ సూది పొడిచిన గుంట చూడు. మాట్లాడకుండా చూడు."

గాంట్ వంగాడు. ఊట దగ్గరి మూడింటికీ గుంట నట్టనడుమ బొట్టు పెట్టినట్టు ఉంది. మట్టిలోంచి తీసినవాటికి పక్కకి పోయింది. అన్నింటికీ ఒకే పక్కకి.

గాంట్ చాలాసేపు వంగే ఉన్నాడు. లేచేసరికి మెడ ఎర్రబడింది. "వాడికి రెండు తుపాకులున్నాయి, అంతే."

"రెండో దాని కర్ర ఏది?"

గాంట్ బండి లోపలికి ఒకసారి తొంగిచూసి వెనక్కి వచ్చాడు.

"వినరా గాంట్. నీ బల్లమీద ఉన్నదాన్ని ఎవరూ బాగుచెయ్యలేదు. ఇనుముకి దానంతటది జబ్బు నయం కాదు. అంటే అది వేరే ఇనుము. దాంతోనే హాచ్‌ని కాల్చారు. తర్వాత ఎవరో ఈ బండిలోకి వచ్చారు. కాపరి మందతో ఉన్నాడు. ఒక్క స్క్రూ విప్పి రెండు తుపాకుల మడమలూ మార్చారు. కాల్చిన ఇనుముకి కాపరి కర్ర తగిలించి పరుపు కింద పెట్టారు. కాపరి ఇనుముకి రెండో కర్ర తగిలించి పట్టుకుపోయారు. నువ్వు ఒకదానిలో మందు వాసన చూశావు, ఇంకోదానిలో చూడలేదు. సరిగ్గా వాళ్ళు చూడమన్నదే చూశావు."

"హాచ్ రైఫిల్ అంటావా?" గాంట్ గొంతు తగ్గింది. "హాచ్‌ని హాచ్ రైఫిల్‌తోనే..."

"తొట్టి బాగుచేసేటప్పుడు రైఫిల్ పక్కన ఆనించుకుని ఉంటాడు. అంత దగ్గరికి మనిషి వచ్చినా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. చూడక్కర్లేని మనిషే వచ్చి ఉండాలి."

గాంట్ గుల్లల్ని రుమాల్లో మూటకట్టాడు. "నువ్వు చెప్పింది తప్పయితే ఊరి నడివీధిలో నీ చేత క్షమాపణ చెప్పిస్తాను."

"తప్పయితే చెప్తాను. కారు తియ్యి."

*

హాచ్ ఇంటి ముందు కారు ఆగేసరికి వెర్నా గుమ్మంలోకి వచ్చింది. హాచ్ ఒక్కగానొక్క కూతురు. ముప్ఫై రెండేళ్ళు. మూడేళ్ళ క్రితం ఇదే ఊట దగ్గర గొర్రెలవాళ్ళకీ పశువులవాళ్ళకీ కాల్పులు జరిగినప్పుడు మొగుడు ఓటిస్ చచ్చిపోయాడు. అప్పటినుంచీ పశువుల లెక్క దగ్గర్నుంచి పనివాళ్ళ తిండి దాకా మొత్తం తనే చూస్తోంది. సంతాపపు నల్లబట్టలు అప్పుడు వేసుకున్నవే, విప్పనే లేదు.

"కోల్‌గ్రోవ్ వాంగ్మూలం ఇంకోసారి తీసుకోవాలి" అని గాంట్ పనివాళ్ళ కొట్టం వైపు నడిచాడు. ట్రస్కాట్ ఒక్కడే లోపలికి వెళ్ళాడు.

"కాఫీ తాగుతారా ట్రస్కాట్ గారూ? పొద్దుటిదే. వేడిచేస్తాను."

"ఇవ్వమ్మా. మీ నాన్నగారి రైఫిల్ ఒకసారి చూడొచ్చా? జడ్జి అన్నీ చూడమన్నాడు."

"గోడ మీదే ఉంది. తీసుకోండి" అని పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

చెక్క మేకుల మీద రైఫిల్ ఉంది. మడమ కర్ర అద్దంలా మెరుస్తోంది. ముసలి హాచ్ రోజూ నూనె రాసేవాడట. ట్రస్కాట్ దాన్ని దించాడు. స్క్రూ తల మీద కొత్త గీత. తోక పక్కన సన్నటి సందు. జేబులోంచి తూటాలు తీశాడు. ఒకటి రైఫిల్ పక్కనున్న చిన్న తలుపులోంచి గొట్టంలోకి తోశాడు. టక్కుమంది. రెండోది వేళ్ళ మధ్య పట్టుకుని తోయబోతున్నాడు.

"ఒక్కటే పెట్టండి" అంది వెర్నా, అటు తిరిగే కాఫీ కలుపుతూ. "రెండోది పెడితే పట్టేస్తుంది."

కాఫీ గరిటె గిన్నెలో ఆగిపోయింది.

ట్రస్కాట్ రెండో తూటా కూడా తోశాడు. లీవర్ ఆడించాడు. మొదటిది గుండుగదిలోకి వెళ్ళింది. మళ్ళీ తోశాడు. మొదటిది ఎగిరిపడింది. లోపల ఏదో జారిన చప్పుడు. లీవర్ సగంలో బిగుసుకుపోయింది. మోకాలికి ఆనించి తోశాడు. కదల్లేదు.

"మీ నాన్నగారి రైఫిల్ జన్మలో ఒక్కసారి కూడా పట్టెయ్యలేదని ఈ చుట్టుపక్కల అందరూ చెప్తారమ్మా" అన్నాడు నెమ్మదిగా. "ఇది పట్టేస్తుందని మీకెలా తెలుసు?"

వెర్నా ఇటు తిరిగింది. తప్పించుకునే మాట కోసం ఆమె వెతుకుతుందనుకున్నాడు. ఆమె వెతకలేదు. చెయ్యి చాపి రైఫిల్ ఇనుము మీద వేళ్ళు ఆనించింది, జ్వరం చూసినట్టు.

"ఇది ఓటిస్‌ది" అంది.

ట్రస్కాట్ కుర్చీలో కూర్చున్నాడు.

"నాన్న దగ్గర జత ఉండేది. పెళ్ళిలో అల్లుడికి ఒకటి ఇచ్చాడు. ఊరంతా మెచ్చుకుంది. ఆ రోజు ఊట దగ్గర కాపలాకి ఓటిస్‌ని పంపాడు. ఒక్కటే పేలిందట. ఇంటికి తెచ్చినప్పుడు రెండో తూటా నాలుక కింద ఇరుక్కుని ఉంది. ఇనుము అచ్చు అతని అరచేతిలో దిగబడిపోయింది. లీవర్‌ని అంతలా నొక్కాడు, పాపం."

"మీ నాన్నగారికి తెలుసా?"

"తెలియదనే అనుకున్నాను మూడేళ్ళు. ఈ వసంతంలో దీన్ని ఆ కాపరికి ఇచ్చేస్తుంటే నేను అడ్డంపడ్డాను. ఓటిస్ జ్ఞాపకం, ఇవ్వొద్దన్నాను. 'ఆ దరిద్రం మొదట్నుంచీ పాడుదే, నేను కొన్న ఏడాదే తెలిసింది' అన్నాడు. నవ్వుతూ అన్నాడండీ! తెలిసీ మంచిది తను ఉంచుకుని పాడుది అతని చేతికిచ్చి పంపాడు. తర్వాత అదే గొర్రెలవాళ్ళకి చెయ్యి కలిపి, నీళ్ళిచ్చి, దీన్ని కూడా ఇచ్చాడు." ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. "ఆర్నెల్లు ఆగాను. మొన్న ఊట దగ్గరికి అన్నం పట్టుకెళ్ళాను. మంచిది రాయికి ఆనించి ఉంది. ఎంత బాగా నడిచిందో!"

"ఆ కాపరి ఏం చేశాడమ్మా? కాల్పులు జరిగినప్పుడు అతను ఈ దేశంలోనే లేడు."

"ఆ జాతివాడే."

"తెలిసీ పాడు తుపాకీ ఇచ్చి ఓటిస్‌ని చావుకి పంపాడు మీ నాన్న. అదే తుపాకీ పేరు చెప్పి, తెలిసీ ఇంకొకణ్ణి పంపుతున్నారు మీరు. తేడా నాకైతే కనపడ్డం లేదు."

వెర్నా మొహం మీద చెంపదెబ్బ పడ్డట్టయింది.

అప్పుడే వెనక తలుపు దభేల్మని తెరుచుకుంది. గాంట్.

"కొట్టంలో పురుగు లేదు. గుర్రాలున్నాయి, మనుషుల్లేరు. లారీ లేదు. అందరూ ఎక్కడికి పోయారు?"

వెర్నా కిటికీ వైపు చూసింది. లారీ లేని ఖాళీ వాకిలి ఇప్పుడే కనపడ్డట్టు చూసింది. "కోల్‌గ్రోవ్ పొద్దున అడిగాడు. జడ్జి ఎవర్నో పంపాడట, కాపరిని వదిలేసేలా ఉన్నారు, ఏం చెయ్యమంటారమ్మా అని. నీ ఇష్టం అన్నాను."

"నీ ఇష్టమా!" గాంట్ మొహంలో నెత్తురు లేదు. "అక్కడ విట్లో ఒక్కడే ఉన్నాడు. తాళంచెవులు వాడి ఒళ్ళో ఉన్నాయి." ఉండమన్న చోట ఉండకుండా వచ్చానని అతను అనలేదు. అనక్కర్లేకపోయింది.

ట్రస్కాట్ అప్పటికే గోడకున్న టెలిఫోన్ పిడి తిప్పుతున్నాడు. ఎక్స్ఛేంజి అమ్మాయి గొంతు ఏడుపుతో పలికింది. "జైలు ముందు జనం అయ్యా! విట్లో తాతని వాకిట్లోకి లాగేశారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను..."

"జైలుకి కలుపు. ఎవరెత్తినా సరే."

మోగింది. చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తారు. వెనక కేకలు, గాజు పగిలిన చప్పుడు.

"ఎవరు?"

ట్రస్కాట్ ఆ గొంతు గుర్తుపట్టాడు. రిసీవర్‌ని వెర్నా వైపు చాపాడు. "మీ కోల్‌గ్రోవ్. నా మాట వినడు, గాంట్ మాట వినడు. మీ నాన్న పోయాక అతను వినేది ఒక్క మీ మాటే. చెప్పండి."

వెర్నా కదల్లేదు. సగంలో బిగుసుకుపోయిన లీవర్‌తో ఓటిస్ రైఫిల్ బల్లమీద ఉంది. దానివైపు ఒకసారి చూసి, వచ్చి రిసీవర్ అందుకుంది.

"కోల్‌గ్రోవ్, నేను వెర్నాని. వాణ్ణి వదిలెయ్. వాడు చంపలేదు." రిసీవర్‌ని రెండు చేతులతో పట్టుకుంది. "నాన్నని కాల్చింది నేను. విన్నావా? నేనే."

అవతల కేకలు అలాగే ఉన్నాయి. కోల్‌గ్రోవ్ మాత్రం మెల్లగా, చిన్నప్పట్నుంచి ఎత్తుకుని తిరిగిన పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు. రిసీవర్ పక్కనే ఉన్న ట్రస్కాట్‌కి ప్రతి మాటా వినపడింది.

"నాకు తెలుసమ్మా. కంచె దగ్గర్నుంచి చూశాను. అందుకే కదా, ఈ పని ఇవాళే అయిపోవాలి. రేపు జడ్జి అడక్కూడదు. నువ్వు ఫోన్ పెట్టెయ్."

"కోల్‌గ్రోవ్! వద్దు! నా మాట..."

లైన్ తెగిపోయింది.

ఆమె రిసీవర్ పట్టుకుని అలాగే నిలబడింది. ట్రస్కాట్ దాన్ని ఆమె చేతిలోంచి తీసి తగిలించాడు. బయట గాంట్ కారు ముందు వంగి ఇంజను తిప్పుతున్నాడు. ఒకసారికి పట్టలేదు. రెండోసారికి గర్జించింది.

"ఊరికి ఎంతసేపు?" అని అరిచాడు ట్రస్కాట్.

"వంతెన దారిలో అయితే అరగంట. వాగులోంచి అడ్డంపడితే సగం. కానీ నిన్న కొండల్లో వాన పడింది."

"వాగులోకే పోనీ."

వెనక సీటు తలుపు మూసుకున్న చప్పుడైంది. వెర్నా ఎక్కి కూర్చుంది. సంకెళ్ళు వెయ్యమన్నట్టు రెండు చేతులూ ముందుకి చాపింది.

"వేస్తే వెయ్యండి. కానీ జైలు గుమ్మంలో నన్ను అందరికంటే ముందు దింపండి" అంది. "వాళ్ళు తాడు వెయ్యాలంటే నన్ను దాటి వెయ్యాలి."

గాంట్ సంకెళ్ళ జోలికి పోలేదు. కారు వాకిట్లోంచి దూకి వాగు వైపు తిరిగింది. మలుపు దాటగానే కనపడ్డాయి నీళ్ళు. ఎర్రగా, మట్టిరంగుగా, రెండు గట్లూ ఒరుసుకుంటూ పారుతున్నాయి. గాంట్ వేగం తగ్గించలేదు.